బ్లేడుకు దొరకని పులిపిరి

ప్రొద్దుటూరు దగ్గర ఒక ఊళ్లో ఓబులేసు అనే చెక్కభజన ఆటగాడు ఉండేవాడు. చిందేస్తే నేల అదిరేది గానీ, అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసేంత ఆత్రం మనిషి.

అతని అరికాల్లో ఒక పులిపిరి లేచింది. అడుగు వేస్తే చాలు, ముల్లు దిగినట్టు ఉండేది. వెంటనే బ్లేడుతో కోసేశాడు. ఇంకేముంది, కోసినకొద్దీ పాదమంతా మొలిచాయి!

"అడుగు తడబడతాంది కదరా!" అన్నాడు గురువు చెన్నరాయుడు. "శ్రీరామనవమి పోటీకి కాలు బాగైతేనే నీకు ముందు వరస. లేదంటే వేరేవాణ్ణి నిలబెడతా."

ఓబులేసు పరుగున పట్నం పోయి చర్మం డాక్టరమ్మకు కాలు చూపించాడు. ఆమె అన్నిటికన్నా పెద్ద పులిపిరిలోకి సూది వేసింది. అబ్బా, ప్రాణం పోయినంత పనైంది!

"మిగతావాటికో మేడమ్?"

"వాటికి వద్దు. ఈ మందు నీ ఒంటికి పులిపిరి అనే దొంగ ఆనవాలు చూపిస్తుంది. ఆ తర్వాత మిగతా దొంగల్ని నీ ఒళ్లే పట్టుకుంటుంది. చాలామందికి ఇలాగే తగ్గుతుంది, కానీ టైం పడుతుంది. మూడు వారాలకోసారి రా. బ్లేడు మాత్రం ముట్టుకోకు!"

రెండో సూది కూడా పడింది. ఓబులేసు లేస్తూనే సూది పడిన పులిపిరినే చూసుకునేవాడు. అది అలాగే ఉండేది. నవమి తరుముకొస్తోంది. వీధిలో భజన చెక్కలు మోగుతుంటే అతని కాళ్లు నిలిచేవి కావు.

"ఒకదానికి పొడిస్తే అన్నీ పోతాయట! నా చెవిలో పువ్వు పెట్టింది!" అని ఒక మధ్యాహ్నం బ్లేడు తీశాడు. ముందు చిన్నదాని పని పడదామని మడమ పక్కన వెతికాడు. లేదు! కాలు ఎండకు తిప్పాడు. వేలితో తడిమాడు. నున్నగా ఉంది! దాని పక్కదీ లేదు! సూది మొన కూడా తగలని పులిపిర్లు అవి. పెద్దదాన్ని పరీక్షగా చూస్తే అదీ నల్లబడి ఎండిపోతోంది.

"ఓరి దేవుడా! నా ఒళ్లు నాకోసం పాటుపడుతుంటే, దానిమీదికే బ్లేడు ఎత్తానే!" అని బ్లేడు పారేసి, ఎగిరి గంతేశాడు.

నవమి నాటికి అరికాలు శుభ్రంగా ఉంది. ముందు వరసలో ఓబులేసు చిందేస్తే గజ్జెలు ఘల్లుమన్నాయి, దుమ్ము లేచింది, జనం ఈలలు వేశారు. మొదటి బహుమతి వాళ్లదే!

"బ్లేడేదిరా?" అన్నాడు గురువు నవ్వుతూ.

"ఇప్పుడు గడ్డానికి కూడా సెలూనే గురువుగారూ!" అన్నాడు ఓబులేసు.

నీతి: సరైన మందు పడ్డాక దాని పని దాన్ని చేసుకోనివ్వాలి, ఆత్రం ఒక్కదాన్ని పది చేస్తుంది, ఓపిక ఆ పదింటినీ పోగొడుతుంది.