లేని స్వరం

ఆస్థాన విద్వాంసుడు శేషావధాని ఒక యంత్రవీణ చేయించాడు. ఏ పాట రాసిచ్చినా తనంతట తానే వాయించేది గానీ, మరీ కింది స్వరం వస్తే మూగబోయేది. ఆ చిన్నతనం భరించలేక, అంత కింద అసలు స్వరమే లేదనీ, పాడితే శిక్ష తప్పదనీ చాటింపు వేయించాడు.

పడవ నడిపే నూకాలుకు, సముద్రంలో పోయిన పెనిమిటి నేర్పిన పాట ఒకటుంది. అందులో గొంతు అట్టడుగుకు దిగినచోట అతనే పక్కన పాడుతున్నట్టుండేది. మానలేక పాడింది. భటులు రాజసభకు పట్టుకొచ్చారు.

"ఏదీ, పాడు," అన్నాడు రాజు.

ఆమె గొంతు కిందికి దిగగానే, "అదిగో, అదే ఆ స్వరం!" అని అవధాని అరిచాడు.

"లేని స్వరం తమకెలా వినబడింది బాబూ?" అంది నూకాలు.

అవధాని తలదించుకున్నాడు. రాజు నవ్వి, "ఏం కావాలో కోరుకో," అన్నాడు.

"నాక్కావలసిన మనిషిని తమరు తేలేరు దొరా. ఆ పాటను పాడుకోనివ్వండి, చాలు."