మాసిన ఉత్తరీయం

ఒకానొక చిన్న రాజ్యంలో ప్రతాపకేతుడని ఒక రాజుండేవాడు. మంచివాడే, కాకపోతే దర్పం జాస్తి. ఆయన తుమ్మినా పక్కన బాకా ఊదాల్సిందే. ఏడాది కిందట రాణిగారు పోయాక ఆ దర్పం ఇంకా ముదిరింది. పొద్దస్తమానం సభలోనే కూర్చునేవాడు.

ఒకనాడు ఆయన సభకి కప్పుకునే జరీ ఉత్తరీయం మాయమైంది. కోటలో ఉతకడానికి వేసిన మూటలోంచి పోయింది, రెండ్రోజులైనా దొరకలేదు. బట్టలుతికే పోలయ్యే తీశాడన్నారు అందరూ.

"దొంగ ఎవరైనా సరే, నా చేతులతో నేనే పొలిమేర దాటిస్తాను. రాజు మాటకి తిరుగులేదు," అన్నాడు రాజు. ఆ సాయంత్రానికే ముహూర్తం పెట్టించాడు.

పోలయ్య భార్య నెలలు నిండిన మనిషి. పక్కింటి నాంచారమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. నాంచారమ్మ పాతచీరలతో బొంతలు కుట్టుకుని బతికేది. అప్పుడు కుడుతున్నది ఆ పుట్టబోయే బిడ్డ బొంతే. సూది గుడ్డలో గుచ్చి, లేచి కోటకి నడిచింది.

"మారాజా, మూటలోంచి పోయింది అదొక్కటేనా?"

"అదొక్కటే."

"పక్క పెట్టెలో ఉతికి మడతపెట్టినవి ఉన్నాయట కదా?"

"పన్నెండు. ఒక్కటీ పోలేదు."

"మరి అమ్ముకునేవాడు ఉతికినవి వదిలేసి మాసింది పట్టుకుపోతాడా?"

మంత్రి గడ్డం సవరించుకున్నాడు.

"పసిబిడ్డ బొంతకి ఎవరూ కొత్తగుడ్డ తేరు మారాజా. తల్లి కట్టి విడిచిన చీర తెస్తారు. ఆ వాసనకే బిడ్డ పడుకుంటుంది," అని నాంచారమ్మ తలుపు దగ్గరున్న దాది వైపు తిరిగింది. "ఈ ఇంట్లో నిద్రపట్టని వాళ్ళెవరమ్మా?"

దాది తల దించుకుంది. "చిన్నమ్మగారు. అమ్మ పోయాక రోజూ ఏడ్చేడ్చి పడుకునేది. రెండ్రోజుల్నించి ఏడవట్లేదు."

అందరూ లోపలికి వెళ్ళారు. నాలుగేళ్ళ రాకుమారి మాలిని పగటి నిద్రలో ఉంది. ఉత్తరీయం చెంపకి ఆనించుకుని, కొస గుప్పిట్లో పట్టుకుంది.

రాజు గొంతు తగ్గింది. "పసిది. తెలీక..."

"ఎవరైనా సరే అన్నారు కదా మారాజా. పోలయ్యకొక మాట, కూతురికొక మాటా?"

"నోరు జాగ్రత్త," అన్నాడు మంత్రి.

"దాటించాక మళ్ళీ తీసుకురాకూడదని ఏలినవారు అనలేదులెండి," అంది నాంచారమ్మ మెల్లగా.

రాజు వంగి పిల్లనెత్తుకున్నాడు. అలవాటు లేక తలపాగా జారి కింద పడింది. వీధిలో బాకావాడు ఊదబోతే, "ఉష్, లేస్తుంది," అన్నాడు.

పొలిమేర దగ్గర పిల్ల కళ్ళు తెరిచింది. "నాన్నా, ఎక్కడికి?"

"నిన్ను ఊరు దాటించడానికి. ఉత్తరీయం దొంగిలించావు కదా."

పిల్ల ఆలోచించింది. "రేపు నీ చెప్పులు తీస్తే మళ్ళీ ఎత్తుకుంటావా?"

రాజు పకపకా నవ్వాడు. రాణి పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. పిల్లని దించకుండానే పొలిమేర దాటి, అలాగే వెనక్కి నడిచాడు. పోలయ్యని పిలిపించి, "తప్పు నాదే," అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నాంచారమ్మకి పట్టుచీర ఇచ్చాడు.

ఆమె చీరని వేళ్ళతో తడిమి చూసింది. "ఇది మెత్తబడాలంటే ఇరవై ఏళ్ళు కట్టాలి. కడతాలెండి. ఒక్క మనవి మారాజా, ఆ ఉత్తరీయం మాత్రం ఉతికించకండి. వాసన పోతుంది."

"చచ్చినా ముట్టుకోను తల్లీ," అన్నాడు పోలయ్య.