వరహాలమ్మ సీసపు అక్షరాలు

అనగా అనగా కాలవ గట్టున ఒక ఊళ్ళో ఒక అచ్చాఫీసు ఉండేది. అందులో వరహాలమ్మ అనే కంపోజిటరు ఉండేది. కంపోజిటరంటే తెలుసా తల్లీ? పెట్టె అరల్లోంచి సీసపు అక్షరాలు ఏరి, ఒక్కొక్కటే పేర్చి, మాట కట్టే మనిషి. మొగుడు పోయాక ఆయన చేసిన పని ఆవిడ పట్టుకుంది. ఆయనకన్నా రెండింతలు పేర్చేది. జీతం మాత్రం సగమే.

ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ వరహాలమ్మ చేతిమీదుగానే అచ్చయ్యాయి. పెళ్ళి శుభలేఖల్లో పెట్టింది, సినిమా కరపత్రాల్లో పెట్టింది, పుస్తకాల అట్టల మీద పెట్టింది. తన పేరు మాత్రం ఒక్కసారీ పెట్టుకోలేదు. పెట్టమని అడిగినవాళ్ళూ లేరు.

వరహాలమ్మకి పైడి అని పదేళ్ళ కూతురు. పైడికి బళ్ళో వ్యాకరణం చెప్పేది విశ్వపతి పంతులు గారు. ఆయన వ్యాకరణ పుస్తకం తెరిస్తే చాలు, పిల్లలకి ఆవలింతలు. ఒకరోజు పైడి ఆ పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయింది. పంతులు గారు బెంచీ ఎక్కించారు.

అప్పుడు వరహాలమ్మకి ఒళ్ళు మండింది. "పిల్ల నిద్రపోతే తప్పు పిల్లదా, పుస్తకానిదా?" అంది. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం వేళ తనే ఒక వ్యాకరణ కథల పుస్తకం మొదలుపెట్టింది. కాగితం లేదు, కలం లేదు. నోట్లో అనుకోవడం, వేళ్ళతో సీసంలో పేర్చెయ్యడం. అదే ఆవిడ రాత.

మొదటి కథ కామాది. కామా ఒక కోడలు. వడ్లు దంచి దంచి, రోకలి గోడకానించి ఒక్క గుక్క ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఊపిరి దొరక్కపోతే వాక్యమైనా పడిపోతుంది, కోడలైనా పడిపోతుంది.

రెండో కథ ఫుల్‌స్టాపుది. ఒక మొగుడు ఏ మాటకైనా చివర "అంతే!" అంటాడు. ఆ చుక్క తర్వాతే కొత్త వాక్యం మొదలవుతుందని పాపం ఆయనకి తెలీదు. పెళ్ళానికి తెలుసు.

మూడో కథ ప్రశ్నార్థకానిది. నడుం వంగిన ముసలమ్మ ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. నువ్వెందుకమ్మా ఆఖర్న తింటావు? కూర మిగిలిందా? మీ ఆయన పేరు విన్నాను, నీ పేరేమిటి?

ఇక్కడే చిక్కొచ్చింది. ఆ అచ్చాఫీసులో ప్రశ్నార్థకాలు ఏడంటే ఏడే. శుభలేఖలకి ప్రశ్నలెందుకు చెప్పు? ముసలమ్మ ప్రశ్నలేమో ముప్ఫై. అప్పుడు వరహాలమ్మ అచ్చాఫీసు వాళ్ళు మామూలుగా చేసే పనే చేసింది. అక్షరం తక్కువైతే, అందాకా ఇంకో సీసపు ముక్కని తలకిందులుగా పెడతారు. కాగితం మీద దాని పాదం పడుతుంది, రెండు నల్ల మచ్చల్లాగా. తర్వాత దిద్దుకుంటారు.

ఒక్కో పేజీ పేర్చాక ఒక్కో కాగితం అచ్చు తీసింది. ఆ తర్వాత అక్షరాలు విడదీసి మళ్ళీ అరల్లో వేసేసింది, శుభలేఖలకి కావాలి మరి. పైడి ఆ కాగితాలు వాడ పిల్లలకి చదివి వినిపిస్తే ఒక్కరూ ఆవలించలేదు. "మళ్ళీ చదవవే" అని వెంటపడ్డారు.

ఆ సంగతి పంతులు గారి చెవిన పడింది. "చూసి ఇస్తానమ్మా" అని కాగితాలు పట్టికెళ్ళారు. వారం తర్వాత అడిగితే "ఇంకా చూడలేదు" అన్నారు. రెండో వారం "ఎక్కడో పెట్టాను" అన్నారు. మూడో వారం "ఏ కాగితాలు?" అన్నారు.

ఆ తర్వాత ఆయన కొత్త పుస్తకం చేత్తో రాసుకుని అచ్చాఫీసుకి వచ్చారు. యజమాని నాగభూషణం గారు రెండు పేజీలు చదివి పగలబడి నవ్వారు. "వరహాలూ, ఇది కంపోజు చెయ్యి" అని చేతికిచ్చారు.

మొదటి పేజీలోనే తన కోడలు, తన రోకలి.

"అయ్యా, ఇది నేను రాసిందండీ!"

"నువ్వా? రేపు గరిటె కూడా వంట చేశానంటుంది. నీ రాతప్రతి ఏదీ?"

రాతప్రతి లేదు. పేర్చిన అక్షరాలూ లేవు. వరహాలమ్మ కళ్ళు తుడుచుకుని, తన పుస్తకాన్నే పంతులు గారి పేరు మీద పేర్చడానికి కూర్చుంది. కోడలు అయింది. మొగుడు అయ్యాడు. ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. కాగితంలోకి చూసింది. కళ్ళు చికిలించి మళ్ళీ చూసింది. కిసుక్కున నవ్వింది.

కాగితం పట్టుకుని లేచి, యజమాని పక్కన కూర్చున్న పంతులు గారి దగ్గరికి వెళ్ళింది. "పంతులు గారూ, ఈ నల్ల మచ్చల జంట పేరేమిటండీ?"

పంతులు గారు కండువా సర్దుకున్నారు. "అది అతిప్రశ్న చిహ్నం. సామాన్య ప్రశ్నకి మామూలు గుర్తు, గాఢమైన ప్రశ్నకి ఇది. పక్కన సూత్రం కూడా రాశాను. నీకేం తెలుస్తుందిలే!"

వరహాలమ్మ గుప్పిట విప్పింది. అందులో ఒక సీసపు ముక్క. సిరా అద్ది, తలకిందులుగా కాగితం మీద నొక్కింది. రెండు నల్ల మచ్చలు.

"దీని పాదమండీ ఇది. నా అరలో ప్రశ్నలు ఏడే ఉన్నాయి, ఎనిమిదోదాన్నుంచి తిరగేశాను. మీరు చేత్తో రాసుకున్నారు కదా, మీ కలంలో కూడా ప్రశ్నలు అయిపోయాయాండీ?"

నాగభూషణం గారు కుర్రతనంలో అక్షరాలు పేర్చినవారే. ఆ మచ్చలు చూశారు. పక్కనున్న సూత్రం చదివారు. ఈసారి నవ్వలేదు. "పంతులు గారూ, మీరు వెళ్ళి రండి," అన్నారు. పంతులు గారు గొడుగు మర్చిపోయి వెళ్ళిపోయారు. బయట ఎండ పేలిపోతోంది. అయినా గొడుగు కోసం వెనక్కి రాలేదు.

అప్పుడు నాగభూషణం గారు తల దించుకుని అన్నారు. "గరిటె అన్నాను, తప్పేనమ్మా. పుస్తకం వేద్దాం. పైన పేరు నువ్వే పెట్టుకో."

వరహాలమ్మ పెట్టె దగ్గరికి వెళ్ళింది. వ, ర, హా, ల, మ్మ. ఐదంటే ఐదు అక్షరాలు. ఎవరి పేరైనా రెప్పపాటులో పేర్చే చెయ్యి ఆ రోజు ఎంతకీ కదల్లేదు. ఒక అక్షరం తియ్యడం, పైటతో తుడవడం, వెలుతురులో పెట్టి చూడడం. అన్నం గంట కొట్టేదాకా పట్టింది.

కాగితం మీద అమ్మ పేరు నల్లగా మెరిసిపోతుంటే పైడి ఆగలేక వేలు పెట్టేసింది. తడి సిరా వేలికంటుకుంది. మూడు రోజులు ఆ వేలు కడుక్కోలేదు. ఎడం చేత్తో అన్నం తిందని తిట్లు కూడా తింది.

ఇప్పుడు ఆ అచ్చాఫీసు లేదమ్మా. అక్కడ సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. కిరసనాయిలూ సిరా కలిసిన ఆ వాసన ఇంకెక్కడా రాదు. తలగడ కింద ఉన్న ఈ పుస్తకంలో మాత్రం ముక్కు పెడితే కాస్త వస్తుంది. ఏయ్, పుస్తకం వాసన చూడమన్నాను, నా వేలికేసి చూడమనలేదు. కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కామా మన మంచానికి,
చుక్కేమో దీపానికి,
ప్రశ్నలన్నీ రేపటికి!