గవరయ్య మూడు కుంచాల వడ్లు

అనగనగా అంటే, మీ తాతకి తాత కూడా పుట్టని కాలం. కొండల నడుమ ఒక రాజ్యం ఉండేది. అక్కడి జనం వరి తప్ప మరో పంట ఎరగరు.

ఆ వరికి అగ్గి తెగులు పట్టింది. పేరుకు తగ్గట్టే ఉంటుంది అది. పచ్చగా ఊగిన చేను నాలుగు రోజులు తిరిగేసరికి నిప్పు సోకినట్టు మాడిపోతుంది. కంకి మెడ దగ్గర విరిగి, తాలు గింజలతో వేలాడుతుంది. ఏటికేడు ఆ తెగులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పాకుతూ వచ్చింది.

రైతులు ఏం చేసేవారు? తెగులు సోకని చేను ఎక్కడుందో వెతికి, అందులోంచే విత్తనం తీసేవారు. నిగనిగలాడే గింజ చూసి మురిసిపోయేవారు. తెగులు మొహమే చూడని మొక్కకు తెగులుతో పోరాడటం ఏం తెలుస్తుంది? ఈ మాట అంత పెద్ద రాజ్యంలో ఒక్కడికే తట్టింది. అతని పేరు గవరయ్య.

గవరయ్యకు ఉన్నది కొండనీడన ఒక్క మడి. అక్కడ మంచు పొద్దెక్కేదాకా ఆరదు. తెగులు ముందుగా దిగేది అక్కడే. అతను దేశంలో దొరికిన వరి రకాలన్నీ గుప్పెడేసి తెచ్చి ఆ మడిలో నాటాడు. చాలక, తెగులు పట్టిన దుబ్బులను ఏరి తెచ్చి వాటి మధ్య పాతాడు.

మొదట అడ్డుపడింది ఇరుగుపొరుగు. పక్క మడి దాలినాయుడు గట్టున నిలబడి నవ్వాడు. "ఏం గవరయ్యా, అందరం తెగుల్ని తరుముతుంటే నువ్వు పీట వేసి భోజనం పెడుతున్నావు?"

"తిననీ బావా. దానికి అరగని మొక్క ఏదో చూడాలి," అన్నాడు గవరయ్య.

ఆ ఏడు మడంతా మాడింది. మూడంటే మూడు దుబ్బులు మిగిలాయి. గింజ చూస్తే సన్నం, కంకి చూస్తే పొట్టి. అయినా వాటికి ఎర్రదారం కట్టి, గింజ రాలకుండా దాచాడు. మరుసటేడు వాటి పక్కన నిండుగా కాసే రకం నాటాడు. పువ్వు విచ్చుకునే ఆ కాసేపట్లో, ఊపిరి బిగబట్టి, పిచ్చుక ఈకతో ఒకదాని పుప్పొడి ఇంకొకదానికి అద్దాడు. వచ్చిన గింజల్ని మళ్లీ ఆ తెగులు మడిలోనే నాటాడు. చచ్చినవి చావగా, బతికినవాటినే ఏరాడు. అలా ఎనిమిదేళ్లు!

రెండోసారి అడ్డుపడింది భార్య సింగమ్మ. పిల్లలు రెండు రోజులుగా కొండదుంపలే తింటున్నారు. ఆమె ఓర్చలేక విత్తనపు వడ్లు రోట్లో పోసి రోకలి ఎత్తింది. గవరయ్య ఆ రోకలి పట్టుకుని ఏడ్చాడు. సింగమ్మ అతని మొహం చూసి, రోట్లోని వడ్లు ఒక్కొక్కటే ఏరి కుండలో పోసి, దుంపల కోసం మళ్లీ కొండెక్కింది. ఆ తల్లి ఎక్కిన కొండ ముందు రాజులు గెలిచిన కోటలు ఏపాటివి?

మూడోసారి అడ్డుపడటానికి రాజభటులు వచ్చారు. ఆ ఏడు రాజ్యమంతా మాడిపోయింది. తెగులు ఇంకా పాకకుండా చేలన్నీ తగలబెట్టమని రాజాజ్ఞ. కాగడాలతో కొండనీడకు వచ్చినవాళ్లు గట్టు మీదే ఆగిపోయారు. చుట్టూ కనుచూపు మేర బూడిద రంగు. నడుమ ఒక్క మడి, పసుపు ముద్దలా, కంకుల బరువుకు వంగి ఉంది. ముందున్న భటుడు కాగడాను బురదలో గుచ్చి ఆర్పేసి, చెప్పులు విడిచాడు.

కోత కోసి కొలిస్తే మూడు కుంచాల వడ్లు. కబురు రాజుగారికి చేరింది.

ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ ఉండేది. గొప్ప పంట తీసిన రైతు ధాన్యాన్ని కోటలో వండించి, రాజు అతని పక్కన కూర్చుని తినేవాడు. అంతకు మించిన గౌరవం లేదు. అప్పటిదాకా దాన్ని కాదన్నవాడూ లేడు.

కోట ముంగిట జనం కిక్కిరిశారు. గవరయ్యకు శాలువా కప్పారు. ఎసరు మరుగుతోంది. దంచడానికి వంటవాళ్లు ఆ మూడు కుంచాల వడ్ల బుట్ట ఎత్తబోయారు. అప్పుడు సింగమ్మ గబగబా వెళ్లి, ఆ బుట్టను రెండు చేతులా చుట్టుకుని కూర్చుంది.

"ఆకలికి తాళలేక ఒకనాడు నేనే దంచబోయాను దొరా. పిల్లలకు అన్నం పెట్టకుండా కాపాడిన గింజలివి. విందుకి ఇవ్వను," అంది.

రాజు గవరయ్య వైపు చూశాడు.

"ప్రభూ," అన్నాడు గవరయ్య మెల్లగా, "మీరు నన్ను గౌరవిస్తూ నా పనిని వండేస్తున్నారు."

రాజు ఆసనం దిగి వచ్చి, పట్టు ఉత్తరీయం పరిచి పట్టుకుని, ఆ దంపతుల ముందు వంగాడు. తనకూ ఒక గుప్పెడు విత్తనం పెట్టమని అడిగాడు.

ఎసట్లో రాజుగారి పాత బియ్యం పడ్డాయి. ఆ ఏడంతా గాదెలు తెరిచి జనానికి గంజి పోశారు. ఊరికొక గుప్పెడు చొప్పున కొత్త విత్తనం వెళ్లింది. దాలినాయుడు తల వంచుకుని చెయ్యి చాచితే, గవరయ్య అతనికి రెండు గుప్పెళ్లు పోశాడు.

మూడేళ్లు తిరిగేసరికి కొండ మొదలు నుంచి ఏటి ఒడ్డు దాకా ఒకటే పసుపు. తెగులు వచ్చింది. ఆకుల మీద నాలుగు మచ్చలు పెట్టింది. పోయింది.

ఆనాటి నుంచి ఆ రాజ్యంలో ఆనవాయితీ మారింది. గొప్ప రైతు ధాన్యాన్ని రాజు తినడు. చెప్పులు విడిచి మడిలో దిగి, తన చేత్తో నాటుతాడు.

పిల్లలూ, అన్నం పెట్టే జ్ఞానికి శాలువా కప్పి ఊరుకుంటే చాలదు. అతని విత్తనాన్ని పదిమంది చేలలో బతికించడమే అసలైన గౌరవం.