తూర్పు గది ఎవరిది?

నాగావళి ఒడ్డున మా ఆశ్రమంలో అప్రమేయస్వామి అడిగిన వెంటనే జవాబు చెప్పే రకం కాదు. అడిగినవాడు తన ప్రశ్న తానే మరిచిపోయాక, ఏ నీళ్లు తోడుతున్నప్పుడో చెప్పేవారు. మొండిమనిషి. ఆ మొండితనం మీద మా అందరికీ ప్రేమే, కాస్త చిరాకు కూడా.

ఒక సాయంత్రం సోమయాజులు ఆయన ముందు కూర్చుని మొర పెట్టుకున్నాడు. అతని మేనత్త, చివరిదాకా తనను కనిపెట్టుకుని ఉన్న పైడితల్లికి ఇల్లు రాసి కన్నుమూసింది. వీలునామా నెరవేర్చే భారం సోమయాజులుకు అప్పగించింది. దాయాదులు ఒప్పుకోలేదు. ప్రొబేటుకు వెళ్లమన్నాడు వకీలు. అంటే ఆ వీలునామా ఆవిడదేనని సాక్షుల చేత కోర్టులో చెప్పించి, నిజమని తేల్పించుకోవాలి. సోమయాజులుకు అది అవమానంగా తోచింది. కోర్టు మెట్లెక్కనని భీష్మించుకున్నాడు. అక్కడ పైడితల్లి, ఇల్లు తనదో కాదో తెలియక, మూట విప్పకుండా కూర్చుంది.

"పోయినావిడ మాటకు సాక్ష్యం అడగడమంటే ఆవిడను అనుమానించడం కాదా, స్వామీ? నాతో స్వయంగా చెప్పింది. నా మాట చాలదా?"

స్వామి విననట్టే ఉండి, "వంటింటి గౌరమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువైంది. రేపటి నుంచి తూర్పు గది ఆమెకివ్వండి, ఎండ తగులుతుంది" అన్నారు. అప్పుడక్కడ సోమయాజులు తప్ప ఎవరూ లేరు. మర్నాడు గురువారం. గురువారాలు స్వామికి మౌనం. సైగ కూడా చేయరు.

తెల్లవారేసరికి ఏటి మీది మంచు ఆశ్రమంలోకి వచ్చేసింది. చెట్లు లేవు, గోడలు లేవు. అరుగు మీద స్వామి ఒక్కరే గాలిలో తేలుతున్నట్టున్నారు. చాప చంకన పెట్టుకుని గౌరమ్మ సోమయాజులు వెంట ఆ మంచులోంచి తూర్పు గది దగ్గరకు వచ్చింది. తాళంచెవి మేనేజరు విశ్వనాథం దగ్గరుంది. ఆయన కదల్లేదు.

"ఆ గది పుస్తకాలకని స్వామి నాతో అన్నారే!"

"అది ఎప్పటి మాటో. నిన్న సాయంత్రం గౌరమ్మకని నాతో అన్నారు."

"ఇంకెవరు విన్నారు?"

విశ్వనాథం అబద్ధమాడే మనిషి కాదు, ఆయన విన్నదీ నిజమే. సోమయాజులు పరుగున వెళ్లి స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "ఒక్కసారి తల ఊపండి, స్వామీ!" స్వామి చూపు ఏటి మీదే ఉంది. ఎదురుగా ఉండీ అందని మనిషిని చూసి సోమయాజులుకు ఏడుపొచ్చింది.

గౌరమ్మే అతన్ని ఓదార్చింది. "పోన్లెండి బాబూ. సామి రేపు మాటాడతారు కదా." చాప తీసుకుని కుంటుకుంటూ వంటింటి పొగలోకి వెళ్లిపోయింది. ఏది మంచో ఏది పొగో మాకు తెలియలేదు.

శుక్రవారం పొద్దున్నే స్వామి విశ్వనాథాన్ని పిలిచి తూర్పు గది తాళం తీయించారు. గౌరమ్మ ఎండలోకి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె సర్దుకునేదాకా చూసి, స్వామి సోమయాజులు వైపు తిరిగారు.

"నాకు శుక్రవారం వచ్చింది, నాయనా. మీ మేనత్తకో?"