ఎర్రదారంతో కుట్టిన జెండా

ఇటు తిరిగి పడుకో తల్లీ, చెప్తా. అనగనగనగా, నడిసముద్రంలో ఒక చిన్న దీవి. ఆ దీవే ఒక దేశం. దాన్ని పరాయి దొరలు ఏలుతుండేవారు. రేవులో వాళ్ళ జెండాయే ఎగరాలి. వేరేది ఎగరేస్తే జైలే.

ఆ రేవులో సన్యాసమ్మ అని, పడవలకి తెరచాపలు కుట్టే ఆవిడ ఉండేది. ఒకరోజు ఆవిడ పాత తెరచాప గుడ్డని నీలిమందులో ముంచి, ఆరబెట్టి, తన పడవ కొయ్యకి కట్టింది. "ఇదీ మన జెండా" అంది. రేవంతా చూసి మురిసిపోయింది.

అప్పుడు దొర బంట్లు వచ్చి, కత్తితో దాన్ని సర్రున చీల్చేశారు. సన్యాసమ్మ రెండు ముక్కలూ ఏరుకుని ఎర్రదారంతో కుట్టింది.

"నీలం దారమైతే అతుకు కనబడదు కదక్కా?" అన్నాడు పక్క పడవ పోలయ్య.

"కనబడనీరా. చింపింది వాళ్ళు. మనకెందుకు సిగ్గు?" అంది.

ఆ తర్వాత బంట్లు మళ్ళీ వచ్చారు, మళ్ళీ చీల్చారు. ఈసారి ఆవిణ్ణి నెల్లాళ్ళు జైల్లో కూడా పెట్టారు. ఆవిడ తిరిగొచ్చి, కాస్త గంజి తాగి, సూది అందుకుంది. జెండా మీద ఎర్ర కుట్లు రెండయ్యాయి.

మూడోసారి దొరే దిగాడు. "ఎవరు కుట్టారిది?" అని అరిచాడు.

"నేనే" అంది సన్యాసమ్మ.

అప్పుడు పోలయ్య ముందుకొచ్చి "కాదు, నేను కుట్టాను" అన్నాడు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు ఆ మనిషికి! ఆ తర్వాత చేపలమ్మే ఆడవాళ్ళు, ఉప్పు మోసేవాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు, అందరూ "నేనే, నేనే" అన్నారు. దొర ఎంతమందిని పట్టుకుంటాడు? గిర్రున వెనక్కి తిరిగాడు. ఇక తమకి భయపడేవాళ్ళే లేకపోయేసరికి, ఏడాది తిరక్కుండానే దొరలందరూ ఓడెక్కి వెళ్ళిపోయారు.

స్వతంత్రం వచ్చిన రోజున పెద్దలు కొత్త పట్టు జెండా తెచ్చారు. నిగనిగలాడుతోంది, ఒక్క అతుకు లేదు.

"అదే ఎగరెయ్యండి బాబూ, నాది చిరుగుల గుడ్డ" అంది సన్యాసమ్మ మొహమాటంగా.

జనం ఒప్పుకుంటేనా! "మా అక్క కుట్టిందే కావాలి" అని పోలయ్య పట్టుబట్టాడు. పెద్దలు పట్టు జెండా మడిచేసి, తాడు ఆవిడ చేతికే ఇచ్చారు.

ఆ దేశంలో ఇప్పటికీ కొత్త జెండా చేసేటప్పుడు, నిండు గుడ్డని రెండుచోట్ల కోసి ఎర్రదారంతో కలుపుతారట. ఆ రోజున ఆ మొదటి జెండా మాత్రం సన్యాసమ్మ తాడు లాగుతుంటే సరసరా పైకెళ్ళింది. పడవలన్నిట్లో శంఖాలు ఊదారు. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, తల దించలేదు. అలా చూస్తూనే నిలబడింది.

కథ కంచి దారి పట్టింది,
నిద్ర నీ రెప్ప తట్టింది.
మనమేమో ఇంటికి,
కునుకేమో కంటికి!