ఒక కుక్క, రెండు మందలు

కుక్కపిల్లని తెచ్చిపెట్టమని పొద్దుట్నుంచీ నా కొంగు వదల్లేదు కదా! సరే, కుక్క కథే చెబుతా. తియ్యగా ఉండదు మరి, ముందే చెబుతున్నా. ఇటు జరిగి పడుకో, ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో, అన్నీ గుట్టలే ఉన్న ఊళ్ళో, ఈరన్న, గాదిలింగ అని ఇద్దరు అన్నదమ్ములు. గొర్రెల కాపరులు. ఇద్దరికీ కలిపి ఒకటే మంద. ఈరన్న పెళ్ళాం పేరు సుంకమ్మ. ఆమె కాపురానికి వచ్చేనాటికి గాదిలింగకి ముక్కు చీదుకోవడం కూడా రాదు. తల్లి లేని ఆ మరిదికి తల దువ్వి, సంగటి ముద్దలు చేసి పెట్టి పెంచింది సుంకమ్మే.

ఆ తర్వాత ఒక కుక్కపిల్లనీ పెంచింది. కాపరుల ఇళ్ళలో కుక్కపిల్లని పెంచే తీరు వేరు. కళ్ళు తెరవగానే దాన్ని గొర్రెపిల్లల మధ్య పడుకోబెడతారు. గొర్రె పాలే పడతారు. అప్పుడు దానికి మందే తల్లీ తండ్రీ అవుతుంది. సుడిగాలిలా తిరుగుతోందని దానికి సుడి అని పేరు పెట్టుకుంది సుంకమ్మ.

అబ్బో, ఏం కుక్కనుకున్నావు! ఒక్కచోట నిలబడితే ఒట్టు. దానికి అంబలి పోస్తే సరిపోదు, పని చెప్పాలి. వాన పడి మంద కదలని రోజున పెరట్లో కోళ్ళన్నిటినీ ఒక మూలకి తోలేది. అవి చాలకపోతే వీధిలో ఆడుకునే పిల్లల్ని తోలేది. ఆ తర్వాత, ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్ళొస్తామని లేస్తే, మడమల మీద ముక్కుతో పొడిచి మళ్ళీ లోపలికి తోలేది. సుంకమ్మ నవ్వలేక చచ్చేది.

అలా ఉండగా ఒక ఏడు జాతర వచ్చింది. దేవుడికి ఏ పొట్టేలుని ఇవ్వాలన్న దగ్గర అన్నదమ్ములకి మాటా మాటా పెరిగింది. ఇంతోటి పొట్టేలు కోసం! ఆ దేవుడొచ్చి అడిగాడా వీళ్ళని? కులపెద్దలు వచ్చి కూర్చుని అన్నీ పంచేశారు. గొర్రెలు చెరిసగం, గొంగళ్ళు చెరిసగం, కుండలు చెరిసగం. వాగుకి ఇటు గుట్ట అన్నది, అటు గుట్ట తమ్ముడిది.

మరి సుడి సంగతేమిటని సుంకమ్మ అడిగింది.

"కుక్కదేముందిలే తల్లీ, రెండిళ్ళలోనూ తింటాది" అన్నారు పెద్దలు. మహా తీర్పు చెప్పినట్టు మీసాలు కూడా దువ్వుకున్నారు.

పంపకాల మాట కుక్కకి ఎవరు చెప్తారు? దాని లెక్కలో మంద సగం తప్పిపోయింది. మొదటి రోజు సాయంత్రం వాగు దాటి వెళ్ళి, గాదిలింగ గొర్రెల్ని అన్న దొడ్డికి తోలుకొచ్చేసింది. అప్పుడు గాదిలింగ కర్ర పట్టుకుని వచ్చి, "కుక్కని ఉసిగొల్పి నా గొర్రెల్ని లాక్కుంటావా?" అని అన్న మీద అరిచాడు. రెండో రోజు అన్న గొర్రెల్ని తమ్ముడి దొడ్డికి తోలింది. ఈసారి ఈరన్న అరిచాడు. మూడో రోజు అటూ ఇటూ పరుగెత్తి పరుగెత్తి, అరికాళ్ళు చిట్లిపోయి, వాగు ఇసకలో కూలబడింది. సుంకమ్మే దాన్ని మోసుకొచ్చి కాళ్ళకి ఆముదం రాసింది.

అప్పుడు సుంకమ్మ మొగుడి దగ్గరికి వెళ్ళింది. కూడు వేరుగా తిన్నా గొర్రెల్ని కలిపి మేపుకోండి, కుక్క బతుకుతుంది అంది. "వాడొచ్చి అడగనీ, చూద్దాం" అన్నాడు ఈరన్న. ఆ తర్వాత మరిది దగ్గరికి వెళ్ళింది. "అన్నే వచ్చి అడగనీ వదినా" అన్నాడు గాదిలింగ. ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే. కుక్కని కట్టెయ్యడం.

ఈరన్న ఇంటి ముందు రాటకి కట్టేశారు. మొదట అది గొంతు పోయేదాకా అరిచింది. ఆ తర్వాత రాట చుట్టూ తిరిగి తిరిగి నేల గుంట చేసింది. ఆ తర్వాత అదీ మానేసి, అంబలి కూడా ముట్టకుండా పడుకుంది. డొక్కలు బయటికొచ్చాయి. ఇంకో వారం కూడా బతకదని సుంకమ్మకి తెలుసు. ఆ మొగుణ్ణీ ఆ మరిదినీ చూస్తే ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

అప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం, మేత కోసం దేశాలు పట్టిపోయే పెద్ద మంద ఒకటి ఊరి పక్క దారిన వచ్చింది. గొర్రెల మెడల్లో గంటలు వినిపించి, లేవలేని సుడి లేచి నిలబడింది. సుంకమ్మ ఇంకెవర్నీ అడగలేదు. తాడు విప్పి, దాన్ని నడిపించుకుంటూ దారి దాకా వెళ్ళింది.

"మళ్ళా ఈ దారిన రాము తల్లీ, నిజంగానే ఇస్తాండావా?" అన్నాడు మంద వెనక నడిచే ముసలి కాపరి.

"తీసుకుపో పెద్దాయనా. కట్టెయ్యొద్దు, అంతే" అంది సుంకమ్మ.

ఆయన తన వాసన పట్టేలా గొంగడితో దాని ముఖం తుడిచి వదిలాడు. సుడి ఒళ్ళు విదిలించుకుంది. వెనకబడ్డ గొర్రెపిల్లనొకదాన్ని ముక్కుతో పొడిచి మందలో కలిపింది. ఇంకోదాన్ని కలిపింది. అలా గుట్ట మలుపు తిరిగిపోయింది. ఒక్కసారైనా వెనక్కి చూస్తుందేమోనని సుంకమ్మ అక్కడే నిలబడింది. చూడలేదు. పోనీలే, బతికిందని అనుకుని ఇంటికి తిరిగొచ్చింది.

సాయంత్రం ఖాళీ తాడు చూసి ఈరన్న కేకలు పెట్టాడు. ఆ కేకలు విని గాదిలింగ వాగు దాటి వచ్చాడు. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు.

"ఎవర్నడిగి ఇచ్చినావు?" అన్నాడు అన్న.

"మా కుక్కని దారిన పోయేవాళ్ళకి ఇచ్చే దానివైనావా వదినా?" అన్నాడు తమ్ముడు.

మా కుక్క! విన్నావా? అప్పటిదాకా నీదీ నాదీ తప్ప వేరే మాట రాని నోళ్ళు అవి. ఒకడు ఆపితే ఇంకొకడు అందుకున్నాడు. అన్ని రోజుల తర్వాత ఆ ఇద్దరూ ఒక్కటైంది, సుంకమ్మని తిట్టడానికి.

తిట్టి తిట్టి, ఆకలేసి, సంగటి పెట్టమన్నారు. పెట్టింది. ఒకే వరసలో కూర్చుని తిన్నారు. వాళ్ళని అలా చూసి సుంకమ్మ ఆ తిట్లన్నీ మింగేసింది. ఇంకా తిట్టినా పడదామనుకుంది.

తెల్లారింది. సుంకమ్మ ఆశగా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఈరన్న తన గొర్రెల్ని ఇటు గుట్టకి తోలుకుపోయాడు. గాదిలింగ తన గొర్రెల్ని అటు గుట్టకి తోలుకుపోయాడు. ఇద్దరిలో ఒక్కడు కూడా తలెత్తి రెండోవాణ్ణి చూడలేదు.

సుడి వెళ్ళె మంద వెంట,
సుంకమ్మ మిగిలె ఇంట.
కథ పట్టె కంచి బాట,
మనకిక నిద్దర పూట.